దోర్నపాల్‌లో మణికట్టు విరిగితే ఏ కట్టు వేయాలి?

విరిగిన మణికట్టుకు ఆపరేషన్ లేకుండా వేసే కట్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. పిండికట్టు మంచిదా, ఫైబర్ కట్టు మంచిదా అని హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అడిగితే ఒక జవాబు వస్తుంది. అదే ప్రశ్న ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలోని దోర్నపాల్‌లో అడిగితే జవాబు వేరుగా ఉండాలన్నది నా వాదన. భద్రాచలం నుంచి చింతూరు, కుంట దాటి జగదల్‌పూర్ వెళ్లేవాళ్లకు దోర్నపాల్ దారిలోనే తగులుతుంది. 30వ నంబరు జాతీయ రహదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. కాస్త దూరంలో శబరి నది, అవతలి ఒడ్డున ఒడిశా. బజారులో గోండి, దోర్లా, హిందీతో పాటు తెలుగూ వినబడుతుంది. అక్కడి నుంచి అడవిలోకి, జగర్‌గొండ దాకా పోయే రోడ్డు 50 కిలోమీటర్ల పైమాటే. 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వా జుడుం రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి, వేలమంది దోర్నపాల్ శిబిరంలో తలదాచుకున్నారు. లోపలి ఊళ్లకు రాకపోకలు ఏళ్ల తరబడి కష్టంగా సాగాయి. అలాంటి ఊళ్ల నుంచి చెయ్యి విరిగిన మనిషి ఆస్పత్రికి ఒకసారి రావడమే గొప్ప. వారం తర్వాత మళ్లీ రాగలడా? కట్టు వేయించుకుని ఇంటికి పోయాక అర్ధరాత్రి వేళ్లు ఉబ్బి నల్లబడితే ఎవరి దగ్గరికి పోతాడు? ఏ సరుకుతో కట్టు వేయాలన్నది ముందు ఈ రెండు ప్రశ్నలను బట్టి తేల్చుకోవాలి. కట్టు ఎంత గట్టిదన్నది ఆ తర్వాతి మాట.

మణికట్టు విరిగిందంటే చాలాసార్లు ముంజేతిలో బొటనవేలి వైపున్న ఎముక, చెయ్యి కలిసే చోటికి ఓ అంగుళం పైన విరిగిందనే అర్థం. పడబోతూ చెయ్యి ఆనిస్తాం. ఒంటి బరువంతా అరచేతి మీద పడుతుంది. విరిగిన చివరి ముక్క అరచేతికి వెనక వైపుకు జరుగుతుంది. ఈ రకం విరుపును డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లో వర్ణించాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో. అంటే అంతకు ఎనభయ్యేళ్ల ముందే చేత్తో తడిమి, కంటితో చూసి చెప్పిన మాట అది. బస్తర్ అడవుల్లో ఈ దెబ్బకు కారణాలు వెతుక్కోనక్కర్లేదు. జీలుగు కల్లు కోసం చెట్టెక్కేవాళ్లున్నారు, చింతకాయలు దులిపే పిల్లలున్నారు, వానకు నానిన పొలంగట్లున్నాయి, ఇప్పుడు కొత్తగా పడిన రోడ్ల మీద మోటారుసైకిళ్లూ ఉన్నాయి. విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. పెద్దవాళ్లకు అయిదారు వారాలు, పిల్లలకు మూడు నాలుగు వారాలు పడుతుంది. కట్టు ఎముకను అతికించదు. సరిచేసి పెట్టిన ముక్క కదలకుండా ఆపడం వరకే దాని పని. ఆ పనిలో చిక్కేమిటంటే, మొదటి రెండు మూడు రోజులు చెయ్యి వాస్తూ పోతుంది కాబట్టి కట్టులో చోటుండాలి. వారం పది రోజులకు వాపు తీసి కట్టు వదులవుతుంది, ఎముక జారిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అంటే మొదటి రోజు సరిపోయిన కట్టు పదో రోజుకు సరిపోదు. పిండికట్టుకూ ఫైబర్ కట్టుకూ పోలిక పెట్టేటప్పుడు జనం ఎక్కువగా మరిచిపోయే సంగతి ఇదే. ఒకే చేతికి రెండు దశల్లో రెండు రకాల అవసరాలుంటాయి.

గట్టి కట్టు వేయడం మనవాళ్లకు కొత్త కాదు. మద్ది, రావి, మేడి, మోదుగ లాంటి చెట్ల బెరళ్లను, వెదురు బద్దలను విరిగిన చోట ఆనించి గుడ్డ చుట్టమని సుశ్రుతుడు చెప్పాడు. ఇప్పుడు మనం చూసే పిండికట్టు మాత్రం 1852లో నెదర్లాండ్స్ సైన్యంలో వైద్యుడైన ఆంటోనియస్ మథీసెన్ చలవ. పలచటి నూలుగుడ్డలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని ముందే పట్టించి, చుట్టలుగా చుట్టి ఉంచి, కావలసినప్పుడు తడిపి వాడే పద్ధతి ఆయన ప్రకటించాడు. ఆ దశాబ్దంలోనే క్రిమియా యుద్ధంలో, సెవస్తోపోల్ దగ్గర, రష్యన్ సర్జన్ పిరగోవ్ గాయపడిన సైనికులకు ప్లాస్టర్ కట్లు పెద్దఎత్తున వేశాడు. జిప్సం రాయిని కాలిస్తే అందులోని నీరు ముప్పావు వంతు పోయి పొడి మిగులుతుంది. నీళ్లు తగలగానే ఆ పొడి పోయిన నీటిని మళ్లీ పట్టుకుని రాయిగా మారుతుంది, మారుతూ వేడి పుట్టిస్తుంది. కట్టు వేసే బల్ల దగ్గర నిలబడి చూస్తే ఆ పని తీరు తెలుస్తుంది. చేతికి దూది పొర చుడతారు. పట్టీని బకెట్ నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచుతారు, రెండు చివరలా పట్టుకుని మెల్లగా పిండుతారు, పొరలు పొరలుగా పరుస్తారు. తర్వాత అయిదారు నిమిషాలే గడువు. ఆ కాసేపట్లో అరచేతి మెత్తటి భాగంతో నొక్కి కట్టుకు ఆకారం ఇవ్వాలి. వేలి కొసలతో నొక్కితే లోపలికి సొట్టలు పడి, వాటి కింద చర్మం పుండవుతుంది. వేడి నీళ్లు వాడినా, మరీ మందంగా వేసినా, తడి కట్టును దిండు మీద ఆనించినా చర్మం కాలే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్లు గోరువెచ్చన దాటకూడదు. కట్టు పైకి గట్టిపడినా లోపలి తడి ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ముసురు పట్టిన శ్రావణంలో ఇంకాస్త ఎక్కువే. ఆరని కట్టు తాకితే చల్లగా ఉంటుంది, తడితే మొద్దు చప్పుడు చేస్తుంది.

ఫైబర్ కట్టు 1970ల నుంచి వాడుకలోకి వచ్చింది. గాజు నూలుతో అల్లిన పట్టీకి పాలీయురేథేన్ అనే రెజిన్ పట్టించి, గాలి చొరబడని రేకు సంచిలో పెట్టి అమ్ముతారు. తడి తగలగానే గట్టిపడటం మొదలుపెట్టి అరగంటలో బరువు ఆనించేంత బలం తెచ్చుకుంటుంది. పిండికట్టు కంటే తేలిక, పలచన, బలం ఎక్కువ. వానకు మెత్తబడదు. ఎక్స్‌రే తీస్తే ఎముక స్పష్టంగా కనబడుతుంది. ఈ మేళ్లు నిజమైనవే, వాటిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ధర పిండికట్టుకు కొన్ని రెట్లు. అయితే ధర కంటే నన్ను ఆలోచనలో పెట్టే సంగతులు మూడు. ఈ పట్టీకి సాగే గుణం, సాగాక వెనక్కి లాక్కునే గుణం ఉన్నాయి. లాగి చుడితే చుట్టాక బిగుస్తుంది. అందుకే చుట్ట నుంచి కొంత పొడవు విప్పి, వదులు చేసి, అప్పుడు చేతి మీద పరచాలి. తెలిసిన చేతులు అలాగే చేస్తాయి, ఆత్రంలో ఉన్న చేతులు లాగి చుడతాయి. రెండోది, రేకు సంచికి సూదిబెజ్జమంత చిల్లి పడినా గాలిలోని తేమకే పట్టీ లోపల బిగుసుకుపోతుంది, దానికి గడువు తేదీ కూడా ఉంటుంది. తేమకు ప్లాస్టర్ చుట్టలూ పాడవుతాయి, కాకపోతే పోయే డబ్బు తక్కువ. మూడోది అన్నిటికంటే ముఖ్యం. గట్టిపడిన ఫైబర్ కట్టును విప్పాలంటే కరెంటుతో నడిచే రంపం కావాలి. నీళ్లలో నానబెడితే కరగదు, ఇంట్లో ఉన్న కత్తెరకు తెగదు, కత్తికి లొంగదు.

ఈ మూడో సంగతి ఎంత బరువైనదో తెలియాలంటే, కట్టు వల్ల వచ్చే పెద్ద ఆపద ఏమిటో చూడాలి. వాస్తున్న చేతి చుట్టూ సాగని గోడ ఉంటే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పెరిగి పెరిగి కండకు రక్తం అందకుండా చేస్తుంది. మందు వేసినా తగ్గని నొప్పి, వేళ్లను మెల్లగా చాపబోతే ప్రాణం పోయినంత బాధ, తిమ్మిరి, పాలిపోవడం దాని గుర్తులు. కొన్ని గంటలు అలా వదిలేస్తే కండ చచ్చి, వేళ్లు జన్మంతా ముడుచుకునే ఉండిపోతాయి, లేదా చెయ్యే తీసేయాల్సి వస్తుంది. 1981లో కుక్కల కాళ్లకు పిండికట్లు వేసి ఒత్తిడి కొలిచిన పరిశోధనలో, కట్టును ఒక పక్క పొడవునా కోసి వెడల్పు చేస్తే ఒత్తిడి సగానికి పైగా తగ్గింది. అంటే ఆపదలో చేయాల్సిన మొదటి పని కట్టును తెరవడం, ఆస్పత్రికి బయలుదేరడం దాని వెంటే. జగర్‌గొండ దారిలోని ఓ పల్లెలో రాత్రి పదింటికి ఆ పని ఎవరు చేయగలరు? చేతి చుట్టుకొలతలో సగానికి మాత్రమే ప్లాస్టర్ పలక పెట్టి, దాన్ని మామూలు గుడ్డ పట్టీతో చుట్టిన కట్టయితే ఎవరైనా చేయగలరు. స్లాబ్ అంటారు దాన్ని. కత్తెరతోనో కూరగాయల కత్తితోనో గుడ్డనూ కింది దూదినీ కోస్తే రెండు నిమిషాల్లో చెయ్యి బయటపడుతుంది. నిండు పిండికట్టయినా గోరువెచ్చని నీళ్లలో నానితే మెత్తబడుతుంది, పట్టీ కొస దొరికితే చుట్టు చుట్టుగా ఊడి వస్తుంది. అందుకు కాస్త సమయం పడుతుంది. వంకర పాదాలతో పుట్టిన పిల్లలకు పొన్సేటి పద్ధతిలో వారం వారం మార్చే పిండికట్లను చాలాచోట్ల ఇలా నానబెట్టే విప్పుతారు. కట్టేవాళ్లు పట్టీ చివరి కొసను మడిచి పైకి కనబడేలా ఉంచితే, విప్పేవాళ్లకు వెతుక్కునే పని ఉండదు. అంచేత దోర్నపాల్ లాంటి చోట మొదటి వారానికి సరైన సరుకు ప్లాస్టరే, అదీ స్లాబ్ రూపంలో. దీనికి నా కారణం ధర తక్కువని కాదు. పేదవాళ్లకు ఇది చాల్లే అన్న చులకన అంతకన్నా కాదు.

మరి ఎముకను నిలబెట్టడంలో ఫైబర్ మెరుగేమో కదా అని అడగవచ్చు. పెద్దవాళ్ల మణికట్టు విరుపులకు ఆపరేషన్ లేని చికిత్సల మీద వచ్చిన పరీక్షలన్నిటినీ కాక్రేన్ సంస్థ తరఫున హెలెన్ హాండల్, రాజన్ మాధోక్ 2003లో జల్లెడ పట్టారు. ఫలానా కట్టే మేలు అని తేల్చే గట్టి ఆధారం వాళ్లకు దొరకలేదు. దొరికిన ఆధారం వేరే చోట ఉంది. పిల్లల ముంజేతి విరుపులకు పొట్టి పిండికట్ల మీద 1994లో చెస్, ఆయన సహచరులు రాసిన వ్యాసంలో ఓ తేలికైన కొలత ఉంది. విరిగిన చోట కట్టు లోపలి వెడల్పును పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలోనూ, ఎదుటి నుంచి తీసిన ఎక్స్‌రేలోనూ స్కేలుతో కొలవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 0.7 రావాలి. ముంజెయ్యి బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కట్టూ అలాగే ఉండాలన్నది దీని సారం. గొట్టంలా గుండ్రంగా వేస్తే లోపల ఎముక జారుతుంది. మోచేయి దాటని కట్టును, దాటిన కట్టును పోల్చిన రెండు పరీక్షలు 2006లో వెలువడ్డాయి. మోచేతిని కూడా బంధించినందువల్ల అదనపు మేలు కనబడలేదు, ఆకారం బాగా పట్టించిన కట్టే ఎముకను ఆపింది. ఆ ఆకారాన్ని తడి ప్లాస్టర్ ఎంత సులువుగా పట్టుకుంటుందో, ఫైబర్ అంత సులువుగా పట్టుకోదు, నొక్కిన చోటు నుంచి మళ్లీ పైకి లేస్తుంది. నేర్పున్నవాళ్లు ఫైబర్‌తోనూ చక్కగా వేస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టరు, ఉన్న ఒక్క డ్రెస్సరు మాత్రమే ఉండే చోట, తప్పు జరిగితే దిద్దుకోనిచ్చే సరుకు కావాలి.

ఇప్పుడు వాన సంగతికి వద్దాం. ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో అన్నిటికంటే బలమైనది అదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బస్తర్‌లో ఊరు దాటాలంటే వాగు దాటాలి. నాట్లు ఆగవు. కట్టు వేసుకున్న ఆడమనిషికి కూడా నీళ్లు మోయడం, వంట చేయడం తప్పవు. తడిసిన పిండికట్టు ముద్దయిపోతే ఎముకను ఏం ఆపుతుంది? ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఫైబర్ అసలు వద్దనడం లేదు. వాపు తీసిన తర్వాత, రెండో వారంలో వేసే నిండు కట్టుకు, ముఖ్యంగా వానాకాలంలో ఫైబరే మంచిది. అప్పటికి బిగుసుకునే ప్రమాదం చాలావరకు దాటిపోతుంది, మిగిలిన నాలుగు వారాలు మన్నిక కావాలి. వేసవిలో, తునికాకు కోతల రోజుల్లో అయితే పిండికట్టయినా ఆరు వారాలు నిలబడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఫైబర్ నానదు కానీ దాని కింది దూది నానుతుంది. వాగులో తడిసిన దూది లోపలే మగ్గి, చర్మం చెడి, దురద, పుండ్లు వస్తాయి. నీటికి తట్టుకునే ప్రత్యేకమైన పొర ఉంది గానీ దాని ఖర్చు వేరు. ఫైబర్ కట్టు కదా, తడిపినా ఫర్వాలేదు అని చెప్పి పంపే ఆస్పత్రి రోగికి సగం నిజమే చెబుతోంది.

పుత్తూరు కట్టు ఉండగా ఇదంతా ఎందుకని అడిగే తెలుగువాళ్లు ఎక్కడైనా ఉంటారు. తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర ఓ కుటుంబం తరతరాలుగా ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో కట్లు కడుతోంది. దూరాల నుంచి జనం వస్తారు. బస్తర్ అడవుల్లోనూ కట్లు కట్టే నాటువైద్యులున్నారు. వీళ్ల పద్ధతిలో ఓ గొప్ప గుణం ఉంది. వెదురు బద్దల కట్టు విప్పి మళ్లీ కట్టుకోవచ్చు, నేను మొదటి నుంచీ అడుగుతున్నదీ అదే. నల్లేరు తినమనడంలోనూ హాని లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ 1960లలో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో నల్లేరు ఎముక అతుకును తొందరపెట్టినట్టు కనబడింది కూడా. చిక్కు మరోచోట ఉంది. త్వరగా అతికినా వంకరగా అతికితే మణికట్టు పట్టు తగ్గుతుంది, ఆ వంకర పైపైన తడిమితే ఎప్పుడూ దొరకదు. ఎక్స్‌రే చూడాలి. మరీ బిగించి కట్టి, నొప్పి తగ్గడం లేదంటే ఇంకా బిగించే అలవాటు చేతులను పోగొట్టింది. ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చిన చోట పసరు కట్టడం మరీ ప్రమాదం. నాటువైద్యుడిని తిట్టి పంపేస్తే రోగి కూడా ఆయన వెంటే పోతాడు. ఆయన్ను పిలిచి వేళ్లు చూసే పద్ధతి నేర్పి, ఎక్స్‌రేకి పంపే మనిషిగా చేసుకోవడం మేలు.

ఆపరేషన్ చేసి ప్లేటో తీగలో వేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అనేది పట్నపు ఆలోచన. పక్కకు జరిగిన ఎముకను సరిచేశాక కట్టు వేస్తే చాలా, తీగలు గుచ్చాలా అని బ్రిటన్‌లో 500 మంది మీద పెద్ద పరీక్ష జరిగింది. డ్రాఫ్ట్-2 అంటారు దాన్ని, ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది తర్వాత రెండు గుంపుల వాళ్ల చేతుల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే కట్టు వేసిన వాళ్లలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి, మొదటి ఆరు వారాల్లో ఎముక జారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఈ రెండు మాటల్నీ కలిపే వినాలి. కట్టు చాలుతుంది, కాకపోతే జారిన ఆ ఒక్కరినీ సకాలంలో పట్టుకోవాలి. అంటే వారానికోసారి, కనీసం మొదటి రెండు వారాలు, ఎక్స్‌రే తీయాలి. 65 ఏళ్లు దాటిన 73 మంది మీద ఆస్ట్రియాలో జరిగి 2011లో అచ్చయిన పరీక్షలో, కట్టు వేసిన వాళ్ల ఎముక కాస్త వంకరగా అతికినా, ఏడాదికి వాళ్ల చేతుల పని ప్లేటు వేసిన వాళ్లతో దాదాపు సమానంగానే ఉంది. పిల్లల్లో ఎముక పూర్తిగా విరగకుండా నొక్కుకుపోయి ఉబ్బే రకం ఉంటుంది. దానికి మెత్తటి బ్యాండేజీ సరిపోతుందని 965 మంది పిల్లల మీద జరిగిన మరో బ్రిటిష్ పరీక్ష 2022లో తేల్చింది. కాబట్టి జగదల్‌పూర్‌కో భద్రాచలానికో పరుగెత్తాల్సింది అందరూ కాదు. ఎముక బయటికి వచ్చినవాళ్లు, కీలు ముక్కలైనవాళ్లు, వేళ్లు మొద్దుబారినవాళ్లు, సరిచేసినా నిలవనివాళ్లు వెళ్లాలి.

కట్టు ఎలా విప్పాలో రోగికి నేర్పితే దురద పుట్టిందనో పొలం పనికి అడ్డమనో ముందే విప్పేసుకుంటారని డాక్టర్లు భయపడతారు. కొందరు విప్పేస్తారు కూడా. ఆ నష్టాన్నీ, విప్పడం తెలియక చెయ్యి పోగొట్టుకునే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. జారిన ఎముకను పది రోజుల్లోపు మళ్లీ సరిచేయవచ్చు. వంకరగా అతికినా తర్వాత ఆపరేషన్‌తో దిద్దవచ్చు. చచ్చిన కండను ఎవరూ తిరిగి తేలేరు. పైగా విప్పే అధికారం రోగి ఒక్కడి చేతిలోనే ఉండాలని నేను అనడం లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి ఊరూరా మితానిన్‌లనే ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. జ్వరం మాత్రలిచ్చేది, కాన్పుకు తోడెళ్లేది వాళ్లే. 2019 అక్టోబరు 2న మొదలైన పథకం కింద వారపు సంతలకు వైద్యబృందాలు రావడం కూడా ఆ రాష్ట్రంలో ఉన్న ఏర్పాటే. కట్టు వేసిన ప్రతి మనిషి పేరు ఆ ఊరి మితానిన్‌కు ఆ రోజే చేరాలి. మూడు రాత్రులు ఆమె వెళ్లి వేళ్ల రంగు చూడాలి, గోరు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగి వస్తోందా చూడాలి, వేళ్లు మెల్లగా చాపి నొప్పి అడగాలి. అనుమానం వస్తే గుడ్డ పట్టీని, దూదిని పూర్తిగా కోసి, ప్లాస్టర్ పలకను మాత్రం చేతి కింద ఆసరాగా ఉంచి, దోర్నపాల్‌కు పంపాలి. వారం తర్వాత సంత రోజున వైద్యబృందం కట్టు వదులైందేమో చూసి ఎక్స్‌రేకి పంపాలి. ఇందుకు మితానిన్ సంచిలో కొత్తగా చేరాల్సింది మొన మొద్దుగా ఉండే ఓ మంచి కత్తెర. ఆస్పత్రిలో ఉండాల్సినవి మంచి ప్లాస్టర్ చుట్టలు, దూది, బకెట్, ఎక్స్‌రే. ఫైబర్ పట్టీలు కొన్నాక వాటిని కోసే రంపం, అది నడవడానికి కరెంటు పోయినా ఆగని ఏర్పాటు కూడా అదే బిల్లులో ఉండాలి. రంపం లేని ఆస్పత్రికి ఫైబర్ పట్టీలు పంపకూడదు.